గరాటులో గంటన్నర, కిడ్నీలో రోజుకు 180 లీటర్లు: వడపోత వేగం దేని మీద ఆధారపడుతుంది?

చిత్తూరు నుంచి బీఎస్సీ రెండో సంవత్సరం విద్యార్థిని ఒకరు అడిగిన ప్రశ్న ఇది. కాలేజీ ప్రాక్టికల్స్‌లో ఫెర్రిక్ హైడ్రాక్సైడ్ అవక్షేపాన్ని (ద్రావణంలోంచి విడివడిన ఘనపదార్థాన్ని) వడకట్టడానికి ఆమెకు గంటన్నర పట్టింది. అదే వారం శరీరధర్మశాస్త్రం తరగతిలో కిడ్నీలు రోజుకు 180 లీటర్లు వడకడతాయని చెప్పారు. రెండు చోట్లా వేగాన్ని నిర్ణయించే కారణాలు ఒకటేనా అన్నది మొదటి సందేహం. రెండోది ఇంటి విషయం. వాళ్ల నాన్నగారికి 58 ఏళ్లు. రక్తంలో క్రియాటినిన్ (కండరాల నుంచి పుట్టి కిడ్నీల ద్వారా బయటికి పోయే వ్యర్థం) 1.4, రిపోర్టులో ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు నిమిషానికి ఎన్ని మి.లీ. వడకడతాయన్న అంచనా) 58 అని వచ్చింది. "ఫిల్టరు మూసుకుపోతోంది, రోజుకు ఆరు లీటర్ల నీళ్లు తాగిస్తే కడుక్కుపోతుంది" అని బంధువులు అంటున్నారట. అది నిజమేనా అని అడిగారు.

అమ్మా, సమాధానం ముందే చెప్పేస్తాను. సూత్రం రెండు చోట్లా ఒకటే. ద్రవాన్ని నెట్టే ఒత్తిడి తేడా ఎంత, వడపోత జరిగే విస్తీర్ణం ఎంత, ద్రవం ఎంత చిక్కగా ఉంది, దారిలో అడ్డు ఎంత అన్నవే లెక్క. మొదటి రెండూ పెరిగితే వేగం పెరుగుతుంది, చివరి రెండూ పెరిగితే తగ్గుతుంది. అయితే గరాటులో పేరుకున్న ముద్ద అక్కడే ఉండి దారి మూస్తుంది. కిడ్నీలో అలాంటి ముద్ద పేరుకోదు. కడగవలసిన మడ్డి అక్కడ లేదు కాబట్టి నీళ్లు ఎక్కువ తాగినంత మాత్రాన కిడ్నీ వడపోత వేగం పెరగదు. ఆరు లీటర్ల ఆలోచన మానుకోండి. ఎందుకో, బదులుగా ఏం చేయాలో కింద వివరంగా రాస్తున్నాను.

నేను తిరుపతిలో ఒక డిగ్రీ కళాశాల రసాయనశాస్త్ర ప్రయోగశాలలో తొమ్మిదేళ్లు డెమాన్‌స్ట్రేటర్‌గా, తర్వాత ఇరవై రెండేళ్లు ఆసుపత్రి బయోకెమిస్ట్రీ ల్యాబులో పనిచేశాను. వైద్యుణ్ని కాను. మందుల మాట వచ్చిన చోట మీ డాక్టరు చెప్పిందే ప్రమాణం.

ముందు మీ గంటన్నర సంగతి చూద్దాం. ఫెర్రిక్ హైడ్రాక్సైడ్ ఇసుకలా విడివిడిగా ఉండే అవక్షేపం కాదు. సగ్గుబియ్యం జావలా నీటిని పట్టుకుని మెత్తగా ఉంటుంది. ఏ కాగితం వాడారో మీరు రాయలేదు. బేరియం సల్ఫేటుకు వాడే వాట్‌మన్ 42 వాడి ఉంటే అంతసేపు పట్టడంలో ఆశ్చర్యం లేదు. 42వ నంబరు సుమారు 2.5 మైక్రాన్ల కణాలను కూడా ఆపుతుంది. 41వ నంబరు దాదాపు 20 మైక్రాన్ల కంటే పెద్దవాటినే ఆపుతుంది. ఫెర్రిక్ హైడ్రాక్సైడ్ గుంపులు కట్టి ఉంటుంది కాబట్టి దానికి 41 చాలు. రంధ్రం సైజులో చిన్న తేడా వేగంలో చాలా పెద్ద తేడాగా కనిపిస్తుంది. సన్నని గొట్టంలో ప్రవాహం వ్యాసార్ధం నాలుగో ఘాతంతో మారుతుంది, అంటే వ్యాసార్ధం సగమైతే ప్రవాహం పదహారో వంతుకు పడిపోతుంది. ఈ నాలుగో ఘాతాన్ని గుర్తుపెట్టుకోండి, కిడ్నీ దగ్గర మళ్లీ వస్తుంది.

కాగితం అడ్డు మొదటి కొద్ది నిమిషాలకే ముఖ్యం. ఆ తర్వాత ద్రవం దాటవలసింది ముద్దను. ముద్ద మందం పెరిగేకొద్దీ వేగం తగ్గుతూ పోతుంది. ఒత్తిడి మారకుండా, ముద్దే ప్రధానమైన అడ్డుగా ఉన్నప్పుడు, రెట్టింపు ద్రవం దిగడానికి నాలుగు రెట్ల సమయం పడుతుంది. మొదటి 50 మి.లీ. ఐదు నిమిషాల్లో దిగితే, మొత్తం 100 మి.లీ. దిగడానికి ఇరవై నిమిషాలు. అదే 100 మి.లీ.ని రెండు గరాటుల్లో సగం సగం పోస్తే రెండూ ఐదు నిమిషాల్లోనే ముగుస్తాయి. విస్తీర్ణం రెట్టింపైతే సమయం సగం అవుతుందని చాలామంది అనుకుంటారు, నిజానికి నాలుగో వంతు అవుతుంది. ముడతలు పెట్టిన వడపోత కాగితం వేగంగా పనిచేయడానికీ కారణం ఇదే. మామూలుగా మడిచి గరాటుకు అతికిస్తే కాగితంలో చాలా భాగం గాజుకు ఆనుకుని పనిలేకుండా ఉండిపోతుంది.

అందుకే నేను విద్యార్థులకు మొదటి రోజే చెప్పేవాణ్ని: అవక్షేపాన్ని బీకరులో కూర్చోనివ్వండి, పైన తేరిన తేటను ముందు గరాటులోకి వంచండి, ముద్దను చివర్లో దించండి. బీకరును బాగా కలిపి ఒకేసారి కుమ్మరించేవాళ్లు మధ్యాహ్నం బస్సు అందుకోలేకపోయేవారు.

ఇక వేడి. నీటి స్నిగ్ధత, అంటే చిక్కదనం, 20 డిగ్రీల దగ్గర 1.0 మిల్లీపాస్కల్ సెకను అయితే 80 డిగ్రీల దగ్గర దాదాపు 0.35. మిగతావన్నీ అలాగే ఉంటే, వేడి ద్రావణం చల్లని దానికంటే మూడు రెట్ల దగ్గరి వేగంతో దిగుతుంది. ఫెర్రిక్ హైడ్రాక్సైడును వేడిగా ఉండగానే వడకట్టమని మాన్యువల్‌లో రాసేది ఇందుకే. కడగడానికి వట్టి నీరు వాడకండి, ఒక శాతం అమోనియం నైట్రేటు కలిపిన వేడి నీరు వాడండి. లవణం పూర్తిగా పోతే గుంపులు కట్టిన కణాలు మళ్లీ విడిపోయి, కొన్ని కాగితం రంధ్రాల్లో ఇరుక్కుంటాయి, కొన్ని దాటిపోతాయి. బేరియం సల్ఫేటు సంగతి వేరు. దాన్ని వాటర్‌బాత్ మీద గంటసేపు ఉంచితే సన్న స్ఫటికాలు కరిగి పెద్దవాటి మీద చేరతాయి, వడపోత సులువవుతుంది.

ఒత్తిడి పెంచితే వేగం పెరుగుతుందన్న నమ్మకం దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. ఒక విద్యార్థి అల్యూమినియం హైడ్రాక్సైడును బుక్నర్ గరాటులో (అడుగున చిల్లులుండి, కిందనుంచి పంపుతో లాగే గరాటు) పోసి, మొదటి క్షణం నుంచే వాక్యూమ్ పంపు పూర్తిగా తెరిచాడు. అర నిమిషం జోరుగా దిగింది. ఆ తర్వాత చుక్క లేదు. పంపు ఇంకా గట్టిగా లాగితే ఇంకా బిగిసింది. జిగురు అవక్షేపం నొక్కుడుకు అణిగిపోతుంది, దానిలోని సందులు మూసుకుపోతాయి. లాగుడు పెరిగేకొద్దీ అడ్డు కూడా పెరుగుతుంది. అలాంటి ముద్దకు మొదట్లో సన్నగా లాగుడు పెట్టి, పొర కుదురుకున్నాక మెల్లగా పెంచాలి. ఇదే కథ కిడ్నీలో ఇరవై ఏళ్ల నిడివిలో నడుస్తుంది, అక్కడ చెబుతాను.

ఇంకొకటి మీ వంటింట్లోనే చూడవచ్చు. కాఫీ ఫిల్టరులో పొడి వేసి, మరిగిన నీళ్లు పోసి, పావుగంట తర్వాత చూస్తే డికాషన్ దిగకుండా నిలిచిపోయి ఉంటుంది. మా అమ్మ పై గిన్నెను కాస్త ఎత్తి మళ్లీ పెట్టేది, వెంటనే చుక్కలు మొదలయ్యేవి. పై గిన్నె కింది గిన్నెలో బిగుతుగా కూర్చుంటే కిందున్న గాలికి బయటికి పోయే దారి ఉండదు. దిగిన డికాషన్ ఆ గాలిని నొక్కుతుంది, అది ఎదురు ఒత్తిడిగా మారుతుంది. ల్యాబులో గరాటు శంఖాకార కుప్పె మూతికి అతుక్కున్నప్పుడు జరిగేదీ అంతే. గరాటుకూ కుప్పె మూతికీ మధ్య మడిచిన కాగితం ముక్క పెడితే చాలు. ఒత్తిడి అంటే పైనుంచి నెట్టేది ఒక్కటే అనుకోకూడదు, కిందనుంచి ఎదురు నెట్టేదాన్ని తీసేయగా మిగిలినదే లెక్క.

చివరిగా గరాటు కాడ. పొడవు కాడ గరాటులో కాగితాన్ని సరిగ్గా అతికించి, కాడ అంతా గాలి బుడగ లేకుండా నీటితో నిండేలా చేస్తే, ఆ 15 సెంటీమీటర్ల నీటి స్తంభం కిందికి లాగుతుంది. పాదరసం లెక్కలో అది సుమారు 11 మిల్లీమీటర్ల ఒత్తిడి. ఈ సంఖ్యను కూడా దాచుకోండి.

ఇప్పుడు కిడ్నీ. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు, అంటే మూత్రాన్ని తయారుచేసే అతి చిన్న విభాగాలు, ఉంటాయి. ప్రతి నెఫ్రాన్ మొదట్లో రక్తకేశనాళికల గుచ్ఛం, దాన్ని చుట్టుకుని బౌమన్ గుళిక. విలియం బౌమన్ ఈ గుళికను 1842లో వర్ణించాడు. రక్తపు ఒత్తిడితో ఇక్కడ జరిగే వడపోతే మూత్రం తయారీకి మొదటి మెట్టు అని దాదాపు అదే కాలంలో జర్మనీలో కార్ల్ లుడ్విగ్ ప్రతిపాదించాడు. అమెరికాలో వేర్న్, రిచర్డ్స్ 1924లో కప్ప కిడ్నీ గుళికలోకి అతి సన్నని గాజు గొట్టం దించి, అక్కడి ద్రవాన్ని తీసి పరీక్షించి, అందులో ప్రొటీన్ లేదని చూపారు. అంటే అది నిజంగా గాలితమే, వడకట్టి వచ్చిన ద్రవమే. మన పాఠ్యపుస్తకాలు దీనినే గుచ్ఛగాలనం అంటాయి.

రెండు కిడ్నీలు కలిసి నిమిషానికి దాదాపు 125 మి.లీ. వడకడతాయి. రోజుకు 180 లీటర్లు. ఒంట్లో ఉన్న ప్లాస్మా సుమారు మూడు లీటర్లే కాబట్టి అదే ప్లాస్మా రోజుకు అరవై సార్లు వడపోతకు వెళ్తుంది. అందులో 99 శాతం నీరు గుళిక తర్వాత వచ్చే సన్నని నాళికల్లో వెనక్కి రక్తంలోకి పీల్చబడుతుంది, మూత్రంగా బయటికి వచ్చేది లీటరున్నర, రెండు లీటర్లు. ఈ వెనక్కి పీల్చుకోవడాన్ని, వడపోతను కలగాపులగం చేయడం వల్లే నీళ్ల గురించిన అపోహ పుట్టింది.

దీని వెనక ఒత్తిడి ఎంత ఉంటుందనుకుంటున్నారు? పాఠ్యపుస్తకాల లెక్క ఇలా ఉంటుంది. గుచ్ఛంలో రక్తం బయటికి నెట్టే ఒత్తిడి 60 మిల్లీమీటర్లు. గుళికలో చేరిన ద్రవం ఎదురు నెట్టేది 18. రక్తంలో మిగిలిన ప్రొటీన్లు నీటిని వెనక్కి లాగే ఒత్తిడి సగటున 32. మిగిలింది 10 మిల్లీమీటర్లు. మీ గరాటు కాడలోని నీటి స్తంభం ఇచ్చేదానికంటే కాస్త తక్కువే! నాకు ఈ పోలిక మొదటిసారి తట్టిన రోజు ల్యాబులో కాసేపు పని ఆపి కూర్చున్నాను. పంపు లేదు, వాక్యూమ్ లేదు, గరాటు కాడంత ఒత్తిడితో రోజుకు 180 లీటర్లు.

అది సాధ్యం కావడానికి మొదటి కారణం, ఆ పొరలు నీటిని ధారాళంగా వదలడం. కేశనాళిక గోడలో కిటికీల్లాంటి రంధ్రాలు, దాని వెనక ఆధారపొర, దాని మీద పోడోసైట్లు అనే కణాల వేళ్ల మధ్య సన్నని చీలికలు. ఒంట్లోని చాలా కేశనాళికలతో పోలిస్తే ఇవి ఒకే ఒత్తిడికి కొన్ని వందల రెట్లు ఎక్కువ నీటిని వదులుతాయి. అయినా రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ను దాదాపు ఆపేస్తాయి. సైజు ఒక కారణం, ఆ పొరలకున్న రుణావేశం ఇంకొక కారణం, ఆల్బుమిన్‌కూ రుణావేశమే కాబట్టి. వడపోత కాగితానికి ఈ రెండో తెలివి లేదు.

రెండో కారణం ఇంకా ముఖ్యం. గరాటులో ద్రవం కాగితానికి ఎదురుగా వచ్చి ఆగిపోతుంది. కిడ్నీలో రక్తం పొర పక్కనుంచి పారుతూ పోతుంది. వచ్చిన ప్లాస్మాలో ఐదో వంతు మాత్రమే పొర దాటుతుంది. మిగిలిన నాలుగు వంతులు ప్రొటీన్లనూ కణాలనూ వెంటబెట్టుకుని అవతలి నాళంలోకి వెళ్లిపోతాయి. ఇంట్లో ఆర్‌ఓ యంత్రం ఉంటే దాని వెనక వృథా నీరు పోయే సన్నని గొట్టం చూడండి. ఆ నీరు పోతూ ఉండబట్టే పొర మీద లవణం గట్టిగా పేరుకోకుండా ఉంటుంది. ఆ గొట్టాన్ని మూసేస్తే పొర కొద్ది రోజుల్లోనే పాడవుతుంది.

ముద్దతో కొంచెం పోలిక ఉన్నది కిడ్నీలో ఒకటుంది. గుచ్ఛం మొదట్లో ప్రొటీన్లు వెనక్కి లాగే ఒత్తిడి 28 ఉంటే, నీరు వడిసిపోయి రక్తం చిక్కబడేసరికి చివర్లో 36 అవుతుంది. అంటే పోయేకొద్దీ వడపోత మందగిస్తుంది. రక్తం వేగంగా పారితే అంత చిక్కబడేలోగా దాటిపోతుంది, వడపోత మెరుగవుతుంది. అందుకే కిడ్నీకి చేరే రక్తం పరిమాణం అంత ముఖ్యం. గుండె పంపే రక్తంలో ఐదో వంతుకు పైగా ఈ రెండు చిన్న అవయవాలకే వెళ్తుంది.

ఈ ప్రవాహాన్ని రెండు కుళాయిలు అదుపు చేస్తాయి. గుచ్ఛంలోకి రక్తం తెచ్చేది అభివాహి ధమనిక, బయటికి తీసుకుపోయేది అపవాహి ధమనిక. లోపలి కుళాయి బిగిస్తే గుచ్ఛంలో ఒత్తిడి పడిపోతుంది. బయటి కుళాయిని కొద్దిగా బిగిస్తే లోపల ఒత్తిడి నిలుస్తుంది, మరీ బిగిస్తే ప్రవాహమే తగ్గి వడపోత పడిపోతుంది. ఇవి సన్నని గొట్టాలు, నాలుగో ఘాతం సూత్రం ఇక్కడ పూర్తిగా పనిచేస్తుంది. వ్యాసార్ధంలో పిసరంత మార్పు చాలు. సగటు రక్తపోటు దాదాపు 80 నుంచి 160 మధ్య ఎక్కడ ఉన్నా, ఈ కుళాయిలు తమంతట తాము సర్దుకుని వడపోత వేగాన్ని ఇంచుమించు ఒకేలా ఉంచుతాయి. మీరు చెంబెడు నీళ్లు తాగినా వేగం మారకపోవడానికి కారణం ఇదే. ఆ నీరు మూత్రంగా ఎక్కువ బయటికి వస్తుంది, ఎందుకంటే వెనక్కి పీల్చుకోవడం తగ్గుతుంది. వడపోత మాత్రం తన దారిన తాను సాగుతుంది.

అయితే ఈ కుళాయిలకు హద్దు ఉంది. దాన్ని నేను మా బంధువుల్లోనే చూశాను. 61 ఏళ్ల మనిషి. బీపీకి టెల్మిసార్టన్, దానితో కలిపి మూత్రం ఎక్కువ పోయే మందు ఉన్న మాత్ర వాడతారు. మే నెల ఎండలో అలిపిరి నుంచి 3,550 మెట్లూ కాలినడకన ఎక్కారు. మొక్కు కాబట్టి దారిలో ఏమీ తీసుకోలేదు, నీళ్లు కూడా అంతంతమాత్రం. మోకాళ్ల నొప్పికి ముందురోజు నుంచే డైక్లోఫెనాక్ మొదలుపెట్టి, దిగాక ఇంకో రెండు రోజులు వేసుకున్నారు. నాలుగో రోజు వాంతులు, మూత్రం బాగా తగ్గింది. క్రియాటినిన్ 2.6 వచ్చింది. ఆరు నెలల ముందు అది 1.0.

ఏం జరిగిందో మన సూత్రంతో చూడండి. చెమటతో నీరు పోయి కిడ్నీకి వచ్చే రక్తం తగ్గింది, మూత్రపు మందు దాన్ని ఇంకా తగ్గించింది. అలాంటప్పుడు లోపలి కుళాయిని తెరిచి ఉంచేవి ఒంట్లోనే తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు. నొప్పి మాత్ర వాటి తయారీని ఆపేసింది, కుళాయి బిగిసింది. బయటి కుళాయిని బిగించి ఒత్తిడి నిలబెట్టేది యాంజియోటెన్సిన్ అనే హార్మోను. టెల్మిసార్టన్ దాని పనిని అడ్డుకుంది, కుళాయి వదులైంది. లోపలికి రావడం తగ్గి, బయటికి పోవడం సులువైతే గుచ్ఛంలో ఒత్తిడి ఎక్కడిది? మొత్తం మిగులు ఒత్తిడే 10 మిల్లీమీటర్లు కదా. ఆయనకు డాక్టర్లు సెలైన్ ఎక్కించి, మందులు సరిచేశారు. రెండు వారాల్లో క్రియాటినిన్ 1.1కి దిగింది.

ఇది చదివి బీపీ మాత్ర మానేయకండి. అదే మాత్ర మామూలు రోజుల్లో కిడ్నీని కాపాడుతుంది. మెట్లెక్కే ముందు, వాంతులు విరేచనాలు పట్టుకున్నప్పుడు, ఆ రెండు మూడు రోజులు మాత్రలు ఎలా వాడాలో డాక్టరును అడగండి. ఎండలో నడిచి నీరు తగ్గిన ఒంటికి నొప్పి మాత్ర మాత్రం సొంతంగా వేసుకోకండి. నడకదారిన వచ్చే భక్తులకు ఈ ఒక్క మాట చేరాలని నా కోరిక.

కాఫీ ఫిల్టరు కథకు కిడ్నీలో జోడు కూడా ఉంది. 70 దాటిన ఒక పెద్దాయన క్రియాటినిన్ 5 దాటి మా ల్యాబుకు వచ్చింది. పొట్ట కింద ఉబ్బి ఉంది, మూత్రం చుక్కలుగా పడుతోంది. ప్రోస్టేటు గ్రంథి పెరిగి దారి మూసింది. వెనక్కి తన్నిన ఒత్తిడి నాళికల దాకా, గుళిక దాకా పోయి, 18 ఉండవలసిన ఎదురు ఒత్తిడి పెరిగింది. గొట్టం వేసి మూత్రం తీసిన తర్వాత రోజూ వచ్చిన ఆయన నమూనాల్లో సంఖ్య దిగుతూ పోయింది. గిన్నె ఎత్తి పెట్టినట్టే. రెండు వైపులా రాళ్లు అడ్డుపడినా, ఒకటే కిడ్నీ ఉన్నవాళ్లకు రాయి అడ్డుపడినా ఇదే జరుగుతుంది. ఆలస్యమైతే మాత్రం గిన్నె ఎత్తినా చుక్కలు రావు.

వాక్యూమ్ పంపు కథకు జోడు మధుమేహం. షుగర్ మొదటి ఏళ్లలో చాలామందికి గుచ్ఛంలో ఒత్తిడి పెరిగి, వడపోత మామూలు కంటే ఎక్కువ జరుగుతుంది. రిపోర్టులో సంఖ్య ఘనంగా కనిపిస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఒత్తిడికి ఆధారపొర మందమవుతుంది, పోడోసైట్లు రాలిపోతాయి, మూత్రంలో ఆల్బుమిన్ కనిపించడం మొదలవుతుంది, గుచ్ఛాలు ఒక్కొక్కటిగా మచ్చకట్టి మూతబడతాయి. మిగిలినవాటి మీద భారం పెరిగి అవీ అదే దారి పడతాయి. టెల్మిసార్టన్ లాంటి మందులు గుచ్ఛంలో ఈ ఒత్తిడిని తగ్గిస్తాయి. అందుకే మొదలుపెట్టిన కొత్తలో క్రియాటినిన్ కొంచెం పెరగవచ్చు. 30 శాతం లోపు పెరుగుదలను డాక్టర్లు సాధారణంగా ఆమోదిస్తారు. ఆ పెరుగుదల చూసి భయపడి మందు మానేసిన వాళ్లు నాకు తెలుసు, ఆ తర్వాత వాళ్లు నష్టపోయారు.

గర్భిణులకు వడపోత దాదాపు సగం పెరుగుతుంది. నలభై దాటాక నిమిషపు వడపోత ఏడాదికి సుమారు ఒక మి.లీ. చొప్పున తగ్గడం చాలామందిలో ఉంటుంది.

ఇప్పుడు మీ నాన్నగారి 58 దగ్గరికి వద్దాం. ఆ 58ని ఎవరూ కొలవలేదు, లెక్కగట్టారు. రక్తంలో క్రియాటినిన్, వయసు, స్త్రీయా పురుషుడా అన్నవాటిని ఒక సమీకరణంలో వేస్తే వచ్చింది అది. క్రియాటినిన్ కండరంలోని క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్‌ల నుంచి పుడుతుంది. ఆ ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో హార్వర్డులో ఫిస్క్‌తో కలిసి కనుక్కున్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. ప్రతి క్రియాటినిన్ నమూనా చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు ఆయన గుర్తుకు వచ్చేవారు.

కండరం నుంచి వస్తుంది కాబట్టి కండను బట్టి సంఖ్య మారుతుంది. ఒకే 1.1 క్రియాటినిన్‌కు పాతికేళ్ల యువకుడికి ఈజీఎఫ్‌ఆర్ 95 దాటుతుంది, 78 ఏళ్ల అవ్వకు 51 వస్తుంది. వ్యాయామశాలకు వెళ్లి క్రియాటిన్ పొడి తాగే కుర్రాడికి కిడ్నీ బాగున్నా సంఖ్య తప్పుగా తక్కువ వస్తుంది. బక్కచిక్కిన ముసలివాళ్లకు కిడ్నీ దెబ్బతిన్నా బాగున్నట్టు చూపుతుంది. ముందు రాత్రి మాంసం తిన్నా కొన్ని గంటలపాటు క్రియాటినిన్ పెరుగుతుంది. కొన్ని ల్యాబులు ఇంకా 1886 నాటి జాఫే పద్ధతినే వాడతాయి. పిక్రిక్ ఆమ్లపు పసుపు రంగు, క్షారంలో క్రియాటినిన్‌తో కలిసి నారింజ ఎరుపుగా మారడం దాని ఆధారం. కామెర్లు ఉన్నా, ఒంట్లో కీటోన్లు ఎక్కువున్నా ఆ రంగు మోసం చేస్తుంది. ఎంజైము పద్ధతి మేలు.

24 గంటల మూత్రం పరీక్ష రాస్తే సేకరణ జాగ్రత్తగా చేయించండి. ఉదాహరణకు రోజు మూత్రం 1,440 మి.లీ., అంటే నిమిషానికి ఒక మి.లీ. మూత్రంలో క్రియాటినిన్ 100, రక్తంలో 1.0 అయితే క్లియరెన్స్ (ఈ పరీక్ష చూపే వడపోత వేగం) నిమిషానికి 100 మి.లీ. అదే మనిషి మధ్యలో ఒకసారి బయట మూత్రానికి వెళ్లి 480 మి.లీ. సీసాలో చేరకపోతే లెక్క 67కు పడిపోతుంది. మనిషికి లేని జబ్బు కాగితం మీద వచ్చేస్తుంది. ఉదయం లేవగానే పోసిన మొదటి మూత్రం పారేసి సమయం రాసుకోవాలి. అక్కడి నుంచి మరునాడు అదే సమయానికి పోసేదాకా ప్రతి చుక్కా సీసాలోకి రావాలి. నా ఇరవై రెండేళ్లలో ఈ పరీక్షలో యంత్రం చేసిన తప్పుల కంటే సీసా చేసిన తప్పులే ఎక్కువ చూశాను.

ఇక చేయవలసినవి. ఒక్క రిపోర్టుతో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనరు. ఈజీఎఫ్‌ఆర్ 60 కంటే తక్కువగా కనీసం మూడు నెలలు ఉంటేనో, మూత్రంలో ఆల్బుమిన్ లాంటి వేరే సూచన అంతకాలం నిలిస్తేనో అంటారు. కాబట్టి నాన్నగారికి మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి పరీక్ష చేయించండి. గ్రాముకు 30 మిల్లీగ్రాముల లోపు ఉంటే పెద్ద ఊరట. బీపీ, షుగర్ చూపించండి. ఆయన ఏయే మాత్రలు వాడుతున్నారో, మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలతో సహా, కాగితం మీద రాసి డాక్టరుకు ఇవ్వండి. మూత్రం సన్నగా రావడం, రాత్రి పదేపదే లేవడం ఉంటే స్కానింగ్ సంగతి అడగండి. మూడు నెలల తర్వాత అదే ల్యాబులో, ముందురోజు మాంసం లేకుండా, క్రియాటినిన్ మళ్లీ చేయించండి.

నీళ్ల విషయం. దాహానికి తగినట్టు, ఎండకు తగినట్టు తాగమనండి. చిత్తూరు ఎండలో పొలం పని చేసేవారికి ఎక్కువే కావాలి, రాళ్లు వచ్చినవాళ్లకూ ఎక్కువే చెబుతారు. నీరు తగ్గితే కిడ్నీకి నష్టం. అవసరానికి మించి తాగితే లాభం లేదు. కెనడాలో మూడో దశ, అంటే మధ్యస్థాయి కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో కొందరికి ఏడాదిపాటు అదనంగా నీళ్లు తాగించి చూశారు. 2018లో ప్రచురించిన ఆ ప్రయోగంలో వడపోత తగ్గుదలలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ఆరు లీటర్లు ప్రమాదకరం కూడా. కాళ్ల వాపు, ఆయాసం, రక్తంలో సోడియం పడిపోవడం చూశాను.

మీ ప్రాక్టికల్‌కు ఈసారి 41వ నంబరు కాగితం అడగండి, ద్రావణం వేడిగా ఉండగానే తేటను ముందు వంచండి, గరాటు కింద కాగితం ముక్క మరవకండి. నాన్నగారి మూత్ర పరీక్ష ఫలితం, మూడు నెలల తర్వాత క్రియాటినిన్, రెండూ వచ్చాక ఇక్కడే రాయండి. చూసి చెబుతాను.